కొల్లేటి పిల్లకు పడని ఓట్లు

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. టీవీలో పాటల పోటీ జరుగుతున్న రోజుల్లో ఒక సోమవారం, మా రైలుపెట్టెలోని ఆడవాళ్ళు తమ ఫోన్లన్నీ నా ఒళ్ళో పెట్టి, కొల్లేటి పిల్లకు ఓట్లు వెయ్యమన్నారు. నేను ఆ ఓట్లన్నీ ఇంకో పిల్లకు వేశాను.

వింటే నవ్వొచ్చే సంగతే. టీవీ పోటీలో ఎవరికి ఓటు పడితే ఏమైందని నేనూ చాలాసార్లు సర్దిచెప్పుకున్నాను. కానీ పోయిన వారం భీమడోలులో రైలెక్కిన నర్సుగారు, చేతిలో బ్యాగు పైన పెట్టకుండానే, "మన సీరియల్ ఆంటీ పోయారంటండీ" అన్నారు. అందరూ అయ్యో అన్నారు. నేను కిటికీ వైపు తిరిగాను. ఒళ్ళో ఏమీ లేకపోయినా, ఆ ఫోన్ల బరువు మళ్ళీ మోకాళ్ళ మీద తెలిసింది.

నేను ఏలూరులో ఎక్కి తాడేపల్లిగూడెంలో దిగుతాను. అక్కడ ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పని చేస్తున్నాను. సీరియల్ ఆంటీ ఏలూరు కంటే ముందు స్టేషను పవర్‌పేటలో ఎక్కేవారు. గూడెంలో ఒక బట్టల షాపులో చీరలు చూపించే పని. రైలు ఏలూరు వచ్చేసరికి ఆడవాళ్ళ పెట్టె నిండిపోయి ఉంటుంది. అందుకని కిటికీ పక్కన తన క్యారేజీ బుట్ట పెట్టి నాకు సీటు ఆపేవారు. ఎవరైనా కూర్చోబోతే, "మనిషుందండీ, ఏలూరులో ఎక్కుతాదండి. సన్నంగా ఉంటాది, మాట్టాడదు, కనబడదు గానీ ఉందండి" అనేవారు.

ఆ సీటు నాకు ఎలా వచ్చిందో చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, తలుపు దగ్గర ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుని చదువుకుంటూ నిలబడేదాన్ని. పుస్తకానికి పేపరు అట్ట వేసి ఉంచేదాన్ని, ఏం చదువుతున్నానో ఎవరూ అడగకుండా. ఆవిడ కొన్నాళ్ళు చూసి చూసి, "ఏమ్మాయ్, కూచుని చదివితే అక్షరాలు లేచిపోతాయా?" అన్నారు. పెట్టెలో అందరూ నవ్వారు. నాకు చెవులు వేడెక్కిపోయాయి. మర్నాటి నుంచి కిటికీ పక్కన బుట్ట ఉండేది. పుస్తకం పేరు మాత్రం ఆవిడ ఎప్పుడూ అడగలేదు.

కూర్చోబెట్టినందుకు ఆవిడ కోరింది ఒక్కటే. ముందురోజు సీరియల్ వినడం.

సీరియల్ చెప్పేటప్పుడు ఆవిడకు పైటచెంగు ఉంటే చాలు. చెంగు నడుముకు దోపితే అత్తగారు. భుజం చుట్టూ కప్పుకుంటే కోడలు. చెంగు కొస మునివేళ్ళతో మెలిపెడితే ఆడపడుచు, అంటే ఏదో విషం కలపబోతోందన్నమాట. రోజంతా జనం భుజాల మీద పైటలు వేసి చూపించే చేతులు కదా, ఎంత తొందరగా మారిపోయేవో! దెందులూరు దాటాక మొదలుపెట్టి, భీమడోలులో నర్సుగారు ఎక్కగానే ఆవిడ కోసం రెండు ముక్కల్లో మళ్ళీ చెప్పి, చేబ్రోలు వచ్చేసరికి కథను ఎక్కడో ప్రమాదంలో నిలబెట్టేవారు. బాదంపూడి తర్వాత చెప్పేవారు కాదు. "దిగే హడావిడిలో ఎవరు ఏడుస్తారండీ, దండగ" అనేవారు.

అలాగని సీరియళ్ళను నమ్మే మనిషి కాదు. "ఆ ఇంట్లో పొద్దున్నించి సాయంత్రం దాకా కాఫీ కప్పులు తిప్పుతారు, ఒక్కళ్ళు తాగరు. ఆ కాఫీ అంతా ఏమవుతాదండీ?" అనేవారు. కోడల్ని ఇంట్లోంచి గెంటినప్పుడే వాన ఎందుకు పడుతుందో ఆవిడకు అర్థమయ్యేది కాదు. "మా వైపు నాట్లప్పుడు పడదు గానీ, దాన్ని గెంటితే మటుకు ఠంచనుగా పడతాది. మన రైతులు కూడా ఎవరో ఒక కోడల్ని గెంటి చూడాల."

దెందులూరు టీచరుగారు ఫోనులో వెబ్ సిరీస్‌లు చూస్తారు. ఒకరోజు ఆవిడకూ కొంచెం చూపించారు. ఆవిడ ఫోను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, దూరంగా పెట్టుకుని, చివరికి తిరిగి ఇచ్చేశారు. "అందరూ చీకట్లో మాట్టాడుకుంటారేంటండీ? బిల్లు కట్టలేదా పాపం?"

"అది మూడ్ అండీ ఆంటీ, లైటింగులో ఉంటుంది కథ."

"అయితే మా వీధిలో కరెంటు పోయినప్పుడల్లా పెద్ద కథే అన్నమాట."

కొత్త సినిమాల మీద ఆవిడ ఫిర్యాదు ఒక్కటే. హీరో ఒంటి నిండా రక్తంతో ఇంటికొస్తే, వాళ్ళమ్మ కౌగిలించుకుని ఏడుస్తుంది గానీ, ఆ చొక్కా నానబెట్టదు. వంటల ప్రోగ్రాం చూస్తూ, రుచి చూసే అమ్మాయి కళ్ళు మూసుకుని అద్భుతం అన్నప్పుడల్లా, "ఒక్కసారైనా ఉప్పెక్కువైందను తల్లీ, నీకు పుణ్యముంటాది" అని టీవీకి దండం పెట్టేవారట. మనుషుల్ని ఒక ఇంట్లో పెట్టి తాళం వేసే షో మీద మాత్రం ఆవిడకు అసూయ. "తిండి పెట్టి, ఏసీ పెట్టి, వంద రోజులు దెబ్బలాడుకోండి అంటే నేనూ వెళ్తాను. మా ఆడపడుచుని కూడా పంపమనండి, ఊరికే దెబ్బలాడుకుంటన్నాం ఇన్నాళ్ళూ, కెమెరా లేకుండా."

నువ్వు చూస్తావా అని ఆవిడ నన్ను మొదట్లోనే అడిగారు. చూడనని చెప్పడానికి మొహమాటమేసి చూస్తానన్నాను. అబద్ధం ఎక్కడ బయటపడుతుందోనని ఇంటిదగ్గర నా గదిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూడటం మొదలుపెట్టాను. పుస్తకానికి అట్ట వేసినట్టే దీన్నీ దాచాను. ఇంట్లో వాళ్ళు నేను పరీక్షలకు చదువుతున్నాననుకునేవారు. నిజానికి ఆ సీరియళ్ళు నాకు నచ్చలేదు. మర్నాడు పొద్దున్న ఆవిడ నోట వింటే నచ్చేవి. అలా చూస్తూనే పాటల పోటీలోకి వచ్చాను.

ఆ పోటీలో కలిదిండి అవతల నుంచి వచ్చిన పిల్ల ఒకతె ఉండేది. తండ్రి ఎవరివో చేపల చెరువుల దగ్గర మేత వేసే పని చేస్తాడు. ఆ పిల్ల చెరువుగట్టు మీద నడుస్తూ, వెనక నీళ్ళు చిమ్మే యంత్రాలు తిరుగుతుండగా పాడుతున్నట్టు మొదటివారమే చూపించారు. అంతే, ఆవిడకు 'మన కొల్లేటి పిల్ల' అయిపోయింది. ఆవిడదేమో కొల్లేరు కాదు, అక్కడ బంధువులూ లేరు. "అంత నీటి పక్కన పెరిగిన గొంతండీ అది, ఎక్కడా ఎండదు" అనేవారు.

ఇంకో పిల్ల ఉండేది. ఎక్కడో ఉత్తరాంధ్ర కొండల వైపు నుంచి వచ్చింది. పొట్టిజడ. పాడేటప్పుడు బాగా పాడేది గానీ, పాట అయ్యాక జడ్జీలు ఏదడిగినా నేల చూసేది. ఒకవారం చరణం మధ్యలో మాటలు మర్చిపోయి అలాగే నిలబడిపోయింది. వాద్యాలు కాసేపు వాటంతటవే మోగి ఆగిపోయాయి. స్కూల్లో పద్యం చెప్పమని లేపినప్పుడు నేనూ అలాగే నిలబడ్డాను. ఆఫీసులో ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఇప్పటికీ అలాగే నిలబడతాను. ఆ రోజు నుంచి నాకు ఆ పిల్లే కావాలి. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు రైల్లో ఆవిడ తీర్పు వచ్చింది. "పాడ్డానికొచ్చి ఆ నేలచూపులేంటండీ? అంత సిగ్గు ఉన్న పిల్ల ఇంటికాడ కూచోవాలి గానీ. ఊరికే ఒకళ్ళ చోటు దండగ."

అందరూ నవ్వారు. నేను కూర్చున్న చోటుకేసి చూసుకున్నాను. ఆవిడ ఆపి పెట్టిన చోటే. నన్ను ఉద్దేశించి అనలేదని తెలుసు. పక్కన ఎవరున్నారో కూడా ఆవిడకు ఆ క్షణంలో తట్టి ఉండదు. మాట్లాడని వాళ్ళ పక్కన కూర్చున్నవాళ్ళకు అలాగే జరుగుతుంది. కానీ మాట మాత్రం లోపల ముల్లులా ఉండిపోయింది.

ఓట్లు వేసే పద్ధతి ఇది. ఫోనులో ఆ ఛానల్ యాప్ ఉండాలి. ఫోనుకు వారానికి కొన్ని ఓట్లు. సోమవారం పొద్దున్న మొదలవుతాయి. పెట్టెలో చాలామందికి ఆ యాప్ పెట్టింది నేనే, ఆవిడ పురమాయింపు మీద. "నీ వేలు చురుకమ్మా, నువ్వు వేసెయ్" అని సోమవారం సోమవారం ఆవిడ పెట్టె ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తిరిగి, ఫోన్లు తాళం తీయించి, తెచ్చి నా ఒళ్ళో పోసేవారు. అదేదో వసూలు చేస్తున్నట్టు, "ఓట్లమ్మా ఓట్లు, కొల్లేటి పిల్లకి ఓట్లు" అంటూ. టీచరుగారు విసుక్కునేవారు. "నా ఓటు నేను వేసుకోగలనండీ." "మీరు పేపర్లు దిద్దుకోండి టీచరుగారూ, మా అమ్మాయి క్షణంలో వేస్తాది." పూళ్ళ స్టేషను దాటితే సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి ఆ లోపలే అయిపోవాలి.

ఆ సోమవారం ఆవిడ మామూలు కంటే హుషారుగా ఉన్నారు. ముందురోజు షాపుకి కొల్లేటి పిల్ల తల్లి వచ్చిందట. పెంటపాడులో చెల్లెలింటికి వచ్చి, అక్కడి నుంచి గూడెం వచ్చింది. ఈ వారం గట్టెక్కిన పిల్లల తల్లిదండ్రుల్ని పైవారం స్టేజీ మీదికి పిలుస్తారని ఛానల్ వాళ్ళు చెప్పారట. అందుకు చీర.

"మొహం చూడగానే పోల్చానండీ. గట్టు మీద నిలబడి ఏడ్చింది చూడండి, ఆ మొహమే. తెల్లచీరల దగ్గరికి పోతంటే చెయ్యట్టుకుని లాక్కొచ్చాను. లైట్ల కింద తెలుపు పనికిరాదమ్మా, మనిషి మాసిపోతాదని చెప్పి, పచ్చది వేశాను భుజం మీద. అద్దంలో చూసుకుని, ఏవందో తెలుసా? 'మాకు ముందూ వెనకా ఎవరున్నారండీ, ఓట్లెవరేస్తారండీ, చీర కొనుక్కుని ఊరికే నవ్వులపాలవుతానేమోనండీ' అంది. ఛా, ఊరుకోమ్మా, మా రైలుపెట్టె ఓట్లన్నీ మీ పిల్లకే అన్నాను. మాటిచ్చేశానండీ. పరువు కాపాడాల మీరందరూ."

పచ్చచీర భుజం మీద వేసిన చేత్తోనే ఫోన్లు తెచ్చి నా ఒళ్ళో పెట్టారు.

ఫోన్లలో పేర్లు వరసగా కనబడుతున్నాయి. కొల్లేటి పిల్ల నవ్వుతున్న బొమ్మ. దాని కింద పొట్టిజడ పిల్ల, ఆ బొమ్మలో కూడా చూపు కిందికే. ఎంతసేపు ఆలోచించానో చెప్పలేను. ఆలోచించలేదనడం అబద్ధం. మొదటి ఫోనులో వేలు కిందికి జారింది. అది పొరపాటనుకున్నా, తర్వాతివన్నీ పొరపాట్లు కావు. ఆవిడ ఫోనులో కూడా అలాగే వేశాను. నా పక్కనే కూర్చుని, నర్సుగారికి ఆ పచ్చచీర అంచు ఎంత వెడల్పో చేత్తో చూపిస్తున్నారు. వేశాక తిరిగి ఇస్తే, చూడకుండానే బుట్టలో పడేసుకుని, "పుణ్యం ఊరికే పోదమ్మా" అన్నారు.

ఆ ఆదివారం నా గదిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూశాను. చివరికి స్టేజీ మీద ఇద్దరే మిగిలారు. వాళ్ళిద్దరే. ఎర్రలైట్లు వేసి, డప్పులు మోగించి, యాంకరు ఎంతకీ చెప్పక చెప్పక, చాలా స్వల్ప తేడాతో ఇంటికి వెళ్ళేది అంటూ కొల్లేటి పిల్ల పేరు చెప్పాడు. ఏడ్చింది పొట్టిజడ పిల్ల. కొల్లేటి పిల్ల దాన్ని దగ్గరికి తీసుకుని, మైకు అడిగి తీసుకుని, "మా అమ్మ చూస్తంటాది. అమ్మా, ఏడవకే, వచ్చేస్తన్నా" అంది. నేను ఫోను బోర్లా పెట్టేశాను.

సోమవారం రైలు మానేద్దామనుకున్నాను. ఆఫీసులో సెలవు అడగాలంటే మాట్లాడాలి, అందుకని వెళ్ళాను. కిటికీ పక్కన బుట్ట ఉంది. ఆవిడ బుట్ట తీసి ఒళ్ళో పెట్టుకుని, "రామ్మా" అన్నారు. ఎప్పటిలాగే.

దెందులూరులో టీచరుగారు ఎక్కుతూనే అందుకున్నారు. "ఏంటండీ ఆంటీ, పెట్టె మొత్తం వేసినా మీ పిల్ల పోయింది! మీ మాట మీద చీర కూడా కొనుక్కుంది పాపం ఆవిడ."

"మన ఓట్లు మనం వేశామండీ" అన్నారు ఆవిడ, కిటికీలోంచి చెరువుల కేసి చూస్తూ. "ఊళ్ళో మిగతావాళ్ళు వెయ్యకపోతే మనమేం చేస్తాం."

"స్వల్ప తేడా అన్నాడండీ యాంకరు" అని ఎవరో అన్నారు.

"వాడు ప్రతివారం అదే అంటాడు. స్వల్ప తేడా అనకపోతే పైవారం ఓట్లెవడేస్తాడు?" అని, నా మోకాలి మీద చెయ్యి వేసి, "ఇయ్యాల కథ లేదండీ, గొంతు బాలేదు" అన్నారు. ఆ రోజు గూడెం దాకా చక్రాల చప్పుడే విన్నాం.

తర్వాత అంతా మామూలే అనిపించింది. కాకపోతే ఓట్ల ఫోన్లు నర్సుగారి ఒళ్ళోకి మారాయి. "ఈ పిల్లకి ఆఫీసులో పొద్దస్తమానం కంప్యూటరే, కళ్ళు పోతాయి" అన్నారు. నా మీద జాలి అనుకుని సంతోషించాను కూడా. పైవారమే పొట్టిజడ పిల్ల పోటీలోంచి వెళ్ళిపోయింది. మళ్ళీ మాటలు మర్చిపోయింది. నేను వేసిన ఓట్లతో దానికి వచ్చింది ఒక్క వారం. ఆ మర్నాడు పెట్టెలో ఎవరో దాని నేలచూపుల్ని వెక్కిరించబోతే ఆవిడ అడ్డం పడ్డారు. "పోన్లెండి, పాపం. నిలబడింది కదండీ అంతమందిలో" అన్నారు. అని, నాకేసి చూశారు. నేను పుస్తకంలోకి చూశాను.

కొన్ని నెలలకు ఆవిడకు కాళ్ళు వాయడం మొదలైంది. రోజంతా నిలబడే పని. సాయంత్రం రైల్లో చెప్పులు విడిచి, పాదాలు ఎదుటి సీటు కింద దాచుకునేవారు. నిలబడొద్దన్నారట డాక్టరు. షాపులో కూర్చుని చీరలు చూపించడం కుదరదు కదా. మానేశారు. ఆవిడ మానేసిన మర్నాడు కిటికీ పక్కన ఎవరో కూర్చుని ఉన్నారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఇప్పుడు పెట్టెలో అందరి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లే. ఎవరి సీరియల్ వాళ్ళదే. ఏ కోడలికి ఏమవుతోందో ఎవరికీ తెలియదు.

పవర్‌పేట ఎంత దూరం? మా వీధి నుంచి ఆటో ఎక్కితే ఎక్కామన్నంత సేపు ఉండదు. ఇల్లు స్టేషను వెనకేనని ఆవిడే చెప్పారు. వెళ్దామని చాలా ఆదివారాలు అనుకున్నాను. వెళ్తే ఏం మాట్లాడాలో ముందుగా మనసులో అనుకుని, ఆ మాటలు సరిగా కుదరక, పై ఆదివారం చూద్దామనుకున్నాను. అలా అనుకుంటుండగానే నర్సుగారు ఆ కబురు తెచ్చారు.

ఆవిడను చివరిసారి చూసింది మానేసిన రోజు సాయంత్రం, తిరుగు రైల్లో. ఇద్దరమే ఎదురెదురుగా కూర్చున్నాం. ఆ రోజైనా చెప్పేయాలని బాదంపూడి నుంచి ప్రయత్నిస్తూ, ఉంగుటూరు దాటాక, "ఆంటీ, ఆ పాటల పోటీలో..." అన్నాను.

"ఆ పచ్చచీర సంగతా?" అన్నారు ఆవిడ. "మొన్న మళ్ళీ వచ్చిందమ్మా ఆ తల్లి. చెల్లెలి కూతురి పెళ్ళికి కట్టుకుందంట, ఫోటో చూపించింది. బానే ఉంది. ఆ లైట్లు లేకపోయినా బానే ఉంది."

నేను తల ఊపాను. ఆవిడ కాళ్ళు కొంచెం ముందుకు చాపుకుని, పాదాల కేసి చూసుకుంటూ, సీరియల్లో మర్చిపోయిన చిన్న ముక్క కలుపుతున్నట్టు అన్నారు. "ఆ సోమవారం ఇంటికెళ్ళి, ఓటు పడిందో లేదో చూసుకుందామని ఫోను తెరిచానమ్మా. పొట్టిజడ పిల్ల బొమ్మ పక్కన టిక్కు ఉంది."

ఆ సోమవారమే! అంటే మర్నాడు బుట్ట పెట్టి సీటు ఆపింది తెలిసే. ఓడిపోయాక టీచరుగారు అడిగితే 'మన ఓట్లు మనం వేశామండీ' అన్నది తెలిసే. అన్ని నెలలు నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి కథ చెప్పింది తెలిసే. క్షమించండి అనడానికి పెద్ద విద్య అక్కర్లేదు. భీమడోలు వచ్చింది, దెందులూరు వచ్చింది, నా నోట ఆ మాట రాలేదు. ఏలూరులో నేను దిగిపోయాను. దిగి, వెళ్ళిపోలేక, ఆవిడ కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాను. రైలు కదులుతుంటే ఆవిడ ఊచల మధ్య నుంచి చెయ్యి చాపి, నా భుజం మీద జారిన చున్నీ సర్దారు, షాపులో సర్దినట్టు.

"నోరు తెరిచి ఒక్క మాట అడిగుంటే, నావి మటుకు నీ పిల్లకే వేసుకోమనేదాన్ని కదమ్మా."